‘లంచ్ మోషన్‌కు నిరాకరణ’ అంటే కేసు పోయినట్టా?

ప్రశ్న: పేపర్లో తరచూ కనబడే మాట ఇది: ‘లంచ్ మోషన్ పిటిషన్‌కు హైకోర్టు నిరాకరణ’. అంటే కేసు కొట్టేసినట్టేనా? దీనికి తెలుగులో మంచి మాట ఉందా? మా బాబాయి ఒకాయన స్థలం తగాదాలో వకీలును పెట్టుకోకుండా సొంతంగా వాదించుకుంటున్నారు. ఆయన కూడా సివిల్ కోర్టులో లంచ్ మోషన్ వేస్తానంటున్నారు, అందుకే అడుగుతున్నా.

జవాబు: కొట్టేసినట్టు కాదండి. లంచ్ మోషన్ పిటిషన్‌లో ఒక రకం కాదు, దాన్ని వినే వేళకు పేరు. పొద్దున కోర్టు మొదలవగానే జడ్జి ముందు విషయం చెప్పి, ఇవాళే వినమని అడుగుతారు. సరేనంటే అప్పటికప్పుడు కాగితాలు దాఖలు చేస్తే భోజన విరామం తర్వాత వింటారు. సెలవు రోజునో, కోర్టు వేళ దాటాకో జడ్జి ఇంటి దగ్గర వినేది హౌస్ మోషన్. కాబట్టి ‘నిరాకరణ’ అంటే వరస తప్పించి ఇవాళ వినం అని మాత్రమే. పిటిషన్ మామూలు వరసలో వస్తుంది. హెడ్డింగ్ చదివి కేసు ఓడిపోయారనుకునేవాళ్లు చాలామంది.

మీ బాబాయి గారి సంగతికొస్తే, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 3 ప్రకారం కక్షిదారు తనే హాజరై వాదించుకోవచ్చు. కోర్టు వాడుకలో ‘పార్టీ ఇన్ పర్సన్’. ఆయనకు కావలసింది లంచ్ మోషన్ కాదు, దావాలో ఒక ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, దానికి తోడు అఫిడవిట్. అవతలివాళ్లు కట్టడం మొదలుపెడుతుంటే ఆర్డర్ 39, రూల్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, అడగాలి. అవతలివాళ్లకు నోటీసిచ్చాకే ఉత్తర్వు ఇవ్వాలన్నది రూల్ 3. నోటీసు ఇచ్చేలోపు పని పూర్తయిపోయేలా ఉంటేనే, కారణాలు రాసి, వాళ్లను వినకుండా ఇస్తారు.

అసలు మెలిక ఆ తర్వాత ఉంది. అలా ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లు దరఖాస్తు, అఫిడవిట్, దావా పత్రం, జత చేసిన కాగితాల నకళ్లు వెంటనే అవతలివాళ్లకు అందజేయాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపినట్టు ఆ రోజో మర్నాడో మళ్లీ అఫిడవిట్ వేయాలి. వకీలుంటే ఆయన గుమాస్తా చూసుకుంటాడు. ఒంటరిగా వెళ్లినవాళ్లు ఉత్తర్వు వచ్చిన సంబరంలో దీన్ని మర్చిపోతే అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. అవతలివాళ్లు ముందే కేవియట్, అంటే మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే దరఖాస్తు, వేశారేమో కూడా చూసుకోమనండి. 148ఎ సెక్షన్ కింద అది 90 రోజులు ఉంటుంది. అది ఉంటే వాళ్లకు నోటీసు ఇవ్వాల్సిందే.

ఇంకొకరు: ఇంత గొడవెందుకు, ‘అత్యవసర పిటిషన్’ అంటే సరిపోదా? ‘లంచ్ మోషన్’ అన్నప్పుడల్లా మా ఇంట్లో ‘లంచం ఎవరిచ్చారు?’ అని అడుగుతారు!

జవాబు: నవ్వొచ్చింది గానీ, సరిపోదండి. అత్యవసరం అన్న ప్రతి పిటిషనూ ఆ మధ్యాహ్నమే వినబడదు. ‘మధ్యాహ్న భోజన పిటిషన్’ అంటే బడి పథకం గుర్తొస్తుంది. ఈ మాటను అలాగే ఉంచి, హెడ్డింగ్‌లో ‘ఇవాళే వినేందుకు నిరాకరణ’ అని రాస్తే చదివేవాడికి తేలిపోతుంది.

‘అత్యవసరం’ అన్న మాట మీద ఇంకో ఫిర్యాదు ఉంది. సొంతంగా అఫిడవిట్ రాసుకునేవాళ్లు ‘తక్షణం జోక్యం చేసుకోకపోతే తీరని నష్టం’ అని పేజీకి నాలుగుసార్లు రాస్తారు. దాన్నుంచి జడ్జికి తెలిసేదేమీ లేదు. ‘12వ తేదీ పొద్దున ప్రతివాది మనుషులు తూర్పు హద్దు లోపల పునాదికి ముగ్గు పోశారు, సాయంత్రానికి రెండు ట్రాక్టర్ల ఇటుక దింపారు, ఫొటోలు జతపరిచాను’ అన్నది చదివితే రేపేం జరగబోతోందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ‘తీరని నష్టం’ అన్నమాట చట్టం అడిగేదే, కాబట్టి ఒక్కసారి రాయాలి. మిగతా చోటంతా తేదీలకీ, క్రియలకీ వదలాలి.

ప్రశ్న అడిగినవారు: ఆయన అఫిడవిట్‌లో ముగ్గు సంగతి ఎక్కడా లేదండి. ‘దౌర్జన్యం’ మాత్రం ఆరుసార్లుంది. ఇవాళే ఫోన్ చేస్తాను.