ఒబామా ఆరోగ్య ప్రసంగం జనాన్ని ఒప్పించిందా? ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. ఆరోగ్య సంస్కరణల మీద బరాక్ ఒబామా 2009 సెప్టెంబర్ 9న అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల ముందు చేసిన ప్రసంగం గురించి వ్యాసం రాస్తున్నాను. అది ప్రజలను ఎంతవరకు ఒప్పించిందో చెప్పాల్సిన చోట ఆగిపోయాను.

నాకైతే ప్రసంగం చాలా నచ్చింది. ముందు బీమా ఉన్నవాళ్ల భయం తీర్చి, ఆ తర్వాతే లేనివాళ్ల సంగతి ఎత్తుకున్నారు. పదేళ్లకు సుమారు 90,000 కోట్ల డాలర్ల ఖర్చవుతుందని దాచకుండా చెప్పారు. అప్పటికి రెండు వారాల కిందటే చనిపోయిన సెనేటర్ టెడ్ కెనడీ తనకు రాసిన ఉత్తరం గురించి చెప్తుంటే నాకు గొంతు పట్టేసింది. కానీ నాకు నచ్చినంత మాత్రాన జనం మారినట్టు కాదు కదా!

ప్రసంగం చూసినవాళ్లలో ఆయన అభిమానులే ఎక్కువుంటే, వెంటనే చేసిన సర్వేలను ఎంతవరకు నమ్మొచ్చు? 2010 మార్చిలో ప్రతినిధుల సభలో బిల్లు 219-212తో గట్టెక్కింది, ప్రతిపక్షమైన రిపబ్లికన్ పార్టీ నుంచి ఒక్క ఓటూ పడలేదు. దీన్ని ప్రసంగం ప్రభావం అనాలా, పార్టీ బలం అనాలా? ఏ ఆధారాలు, ఎన్ని నెలల వరకు చూడాలి? ఇలాంటి విశ్లేషణ చేసినవాళ్లెవరైనా దయచేసి దారి చూపండి.