అప్‌డేట్: స్లీవ్ సర్జరీ తర్వాత లేవగానే కళ్లు తిరగడం, కారణం దొరికింది

స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్) అయిన కొన్ని నెలలకి అమ్మకి మంచం దిగగానే కళ్లు తిరుగుతున్నాయని, అప్పుడు బీపీ 90/60 దాటట్లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "పాత బీపీ మాత్ర ఇంకా వేస్తున్నారా?" అన్నవాళ్ల మాటే నిజమైంది.

ఫిజీషియన్ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 3 నిమిషాలకి ఒకసారి చూశారు. పై నంబరు 108 నుంచి 82కి పడింది. బరువు తగ్గేసరికి బీపీ దిగింది, మాత్ర మాత్రం పాత డోసే. పైగా అందులో బీపీ తగ్గించే టెల్మిసార్టాన్‌తో పాటు ఒంట్లోని నీరు, ఉప్పు బయటకు పంపే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉంది. అమ్మేమో తాగేదే గుక్కెడు నీళ్లు!

డాక్టరే మాత్ర ఆపించి, రోజంతా కొంచెం కొంచెంగా లీటరున్నర దాకా తాగమన్నారు. తూలడం పోయింది. హిమోగ్లోబిన్, బీ12, షుగర్ నార్మల్. గుండె గురించి పడ్డ టెన్షన్ అనవసరం, ఎకో (గుండె స్కాన్) కూడా బాగానే ఉంది. బీపీ ఇంట్లో రాసిపెడుతున్నాం, మళ్లీ పెరిగితే చిన్న డోసు ఇస్తారట.