అప్‌డేట్: నాన్నకి డయాలసిస్ అవసరం పడలేదు

పర్లాకిమిడి నుంచి అడిగాను, గుర్తుండే ఉంటుంది: నాన్నకి డెంగీ, బరంపురంలో ఆసుపత్రిలో ఉన్నారు, క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం; రక్తంలో పెరిగితే కిడ్నీలు సరిగా పనిచేయట్లేదని గుర్తు) 0.9 నుంచి 2.8కి పెరిగింది, డయాలసిస్ తప్పదా అని. ఇంటికి వచ్చేశారు. చివరి రిపోర్టులో 1.3 ఉంది. ధైర్యం చెప్పిన అందరికీ దండాలు.

మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి. ఉద్దానం కిడ్నీ జబ్బుని దగ్గరగా చూసినవాళ్లం కాబట్టే అంత టెన్షన్ పడ్డాం. డాక్టరుగారు తేడా విడమరిచి చెప్పారు. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరేది. నాన్నకి వచ్చింది హఠాత్తుగా తగిలిన దెబ్బ. డెంగీ ముదిరితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి, కిడ్నీలకి రక్తం చాలదట. పైగా ఆయన ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ వేసుకున్నారు. డెంగీలో పారాసిటమాల్ తప్ప నొప్పి మాత్రలు వద్దు, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి.

చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ప్లేట్‌లెట్లే అడిగారు. క్రియాటినిన్ కూడా అడగాలి. 48 గంటల్లో 0.3 పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలోనూ కిడ్నీ దెబ్బతిన్నవారికి ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది. నాన్న పాత షుగర్ ఫైల్లో 0.9 అని ఉండబట్టే ఇది కొత్తగా వచ్చిందని వెంటనే తేలింది. పాత రిపోర్టులు పారేయకండి.

మూత్రం మామూలుగానే వస్తోంది. 3 నెలలకి క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ మళ్లీ చూడాలన్నారు.