గువ్వలచెరువు ఘాట్‌లో గట్టిగా తొక్కితే ఎలక్ట్రిక్ కిట్ కారు మొత్తం ఆగిపోతాంది, సాయం చేయండి

కడప_సెవెన్: పొద్దున ఆరు గంటల నుంచి ఇదే పని, తల పగిలిపోతాంది. లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు రకం ట్యూబ్ ఛాసీ, రెండు సీట్లు, 96 వోల్టుల మోటారు. ఊర్లో బ్రహ్మాండంగా పోతాది. గువ్వలచెరువు ఘాట్‌లో గట్టిగా తొక్కితే చాలు, దెబ్బకు మొత్తం చచ్చిపోతాది. తాళం తీసి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు పోతాది. థ్రాటిల్ మార్చినా, మోటారుకు కరెంట్ పంపే కంట్రోలర్ కూడా మార్చినా. అర్జెంట్ అన్నా.

కర్నూలు_వైరింగ్: సెల్ ఏ రకం? ఎన్ని? బీఎంఎస్, అదే సెల్స్‌ను కాపాడేందుకు కరెంట్ కట్ చేసే బోర్డు, ఎన్ని ఆంపియర్లది? అది చెప్పకుండా ఏం చెప్తాం.

ఎండ_కరెంటు: ఘాట్ సంగతి తర్వాత. రాత్రి పూట చార్జింగ్ పెడితే మీ కారు నడిచేది ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటు బొగ్గు మీదే. లెక్క చూడండి: బ్యాటరీ 10 కిలోవాట్లు అనుకుందాం. సెల్ తయారీలో కిలోవాట్‌కు 80 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున పట్టుకున్నా 800 కిలోలు బండి కదలకముందే ఖర్చయినట్టు. గోడ సాకెట్ దగ్గర 100 కిలోమీటర్లకు 11 యూనిట్లు, గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలో, అంటే 7.7 కిలోలు. పెట్రోలుదైతే 6 లీటర్లు, లీటరుకు 2.3, అంటే 13.8. మిగిలేది 6 కిలోలు. 13,000 కిలోమీటర్లు తిరిగితే గానీ బ్యాటరీ అప్పు తీరదు. ఆదివారం మాత్రమే తీసే బండి అంత తిరిగేదెప్పుడు?

కర్నూలు_వైరింగ్: బ్యాటరీని కిలోవాట్లలో కొలవరు. కిలోవాట్-గంటలు.

ఎండ_కరెంటు: అర్థమైంది కదా, చాలు. ఇంటి మీద ప్యానెళ్లుంటే మధ్యాహ్నం చార్జ్ చేసుకోండి, అదే అప్పు 6,000 కిలోమీటర్ల లోపే తీరుతుంది. మన సీమలో ఎండకేం కరువు?

అనంత_గ్యారేజి: పెట్రోలు లెక్కలో రిఫైనరీ, ట్యాంకర్ల ఖర్చు కలపలేదు మీరు. కలిపితే 13,000 ఇంకా తగ్గుతుంది. అది పక్కన పెడదాం. సెవెన్ అన్నా, సెల్ వివరాలు?

కడప_సెవెన్: ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), 100 ఆంపియర్-గంటలవి 30, వరుసగా. అందరూ వేసేవే కదా అని రాయలే. బీఎంఎస్ 200 ఆంపియర్లు. కంట్రోలర్‌లో బ్యాటరీ కరెంట్ కూడా 200కే కట్టేసినా.

లోటస్_పిచ్చి: అసలు దీన్ని కిట్ కారు అనొచ్చా? కిట్ కారు అంటే 1957 నాటి లోటస్ సెవెన్ లాగా భాగాలు తెచ్చుకుని ఇంట్లో బిగించుకునేది. పెట్రోలు బండికి మోటారు వేస్తే అది కన్వర్షన్. ఆర్టీఓ ఆఫీసులో కిట్ అంటే ఏఐఎస్-123 అనే ప్రమాణం కింద ఆమోదం ఉన్న రెట్రోఫిట్ కిట్, పాత బండికి మోటారు వేసేది. మూడూ కలిపి మాట్లాడితే రేపు ఆర్‌సీ దగ్గర చిక్కుకుంటారు. ఇంకోటి, 200 ఆంపియర్లంటే 18 కిలోవాట్లు, 24 గుర్రాలు. దాన్ని సెవెన్ అంటే సెవెన్‌కే అవమానం.

అనంత_గ్యారేజి: బండి తేలిక ఉంటే 24 గుర్రాలు చాలు సామీ. 30 సెల్స్ కలిపినా 60 కిలోలే. బ్యాటరీ పెంచేకొద్దీ బరువు, బ్రేకులు, స్ప్రింగులు అన్నీ పెంచాల.

సెవెన్ అన్నా, తాళం వేస్తే మళ్లీ వస్తాందంటే బీఎంఎస్ కట్ చేస్తాంది. కరెంట్ ఎక్కువై కాదు, ఏదో ఒక సెల్ 2.5 వోల్టుల కిందికి పడినట్టు దానికి కనపడుతాంది. బ్లూటూత్ యాప్ తెరిచి పక్క సీట్లో ఒకర్ని కూర్చోబెట్టు. ఘాట్‌లో తొక్కేటప్పుడు ఏ నెంబర్ ముందు పడుతుందో చూడమను. నిలబెట్టి కొలిస్తే ఏమీ తేలదు, అన్నీ 3.3 చూపిస్తాయి.

కడప_సెవెన్: చూసినాం. 17వది 2.3. మిగతావి 3.0 దగ్గర. సెల్ పోయినట్టేనా? కొత్తది ఒక్కటే వేయొచ్చా?

కర్నూలు_వైరింగ్: సెల్ కొనొద్దు. బస్‌బార్, అదే సెల్‌నూ సెల్‌నూ కలిపే లోహపు పట్టీ, చూడు.

అనంత_గ్యారేజి: అంతే. తేడా 0.7 వోల్ట్. 200 ఆంపియర్ల దగ్గర 0.7 పడాలంటే జాయింట్‌లో 3.5 మిల్లీ ఓమ్ ఉంటే చాలు. బీఎంఎస్ వోల్టేజీ కొలిచే సన్న వైరు బస్‌బార్ అవతలి కొసకు బిగించి ఉంటే, జాయింట్‌లో పోయిన వోల్టేజీని కూడా అది సెల్ ఖాతాలోనే రాస్తుంది. సెల్ బాగానే ఉంటుంది, నింద దానికి పడుతుంది. అక్కడే 140 వాట్ల వేడి కూడా పుడుతుంది, ఘాట్ దిగిన వెంటనే చూస్తే 17 దగ్గర ప్లాస్టిక్ రంగు మారి ఉండొచ్చు.

మెయిన్ ఫ్యూజ్ తీసెయ్. ఉంగరం, గొలుసు, వాచీ తీసి పక్కన పెట్టు, స్పానర్‌కు టేపు చుట్టు. 96 డీసీ తమాషా కాదు. బస్‌బార్ విప్పి రెండు ముఖాలూ సన్న ఎమెరీ పేపర్‌తో తెల్లగా వచ్చేదాకా రుద్దు, అల్యూమినియం మీద కంటికి కనపడని పొర పడుతుంది. తుడిచి, ఆక్సైడ్ రాకుండా వేసే గ్రీజు పల్చగా పూయి. సన్న వైరు లగ్గు, అదే కొసనుండే రింగు, నేరుగా సెల్ టెర్మినల్ మీద కూర్చోవద్దు, బస్‌బార్ పైన రావాల. ముందు సెల్, మీద బస్‌బార్, ఆ మీద లగ్గు, వాషర్, నట్టు. చేతి అంచనాతో బిగించొద్దు, సెల్ కాగితంలో ఉన్న టార్క్‌కే, అంటే అందులో చెప్పినంత బిగింపుకే. ఎక్కువైతే మర లేచొస్తుంది.

లోటస్_పిచ్చి: మరి ఆర్‌సీ సంగతి?

కడప_సెవెన్: 17 నట్టు వేలితో తిరిగింది. రుద్ది బిగించినా, ఘాట్ పైదాకా ఎక్కింది, 2.9 కంటే తగ్గలే. థ్యాంక్స్ అన్నా.

ఎండ_కరెంటు: చార్జింగ్ పగలా రాత్రా, అది చెప్పలే.