మిక్లోష్ బాన్ఫి గురించి ఎటూ మొగ్గకుండా రాయడం ఎలా?

బ్రాడీపేట_చదువరి:
గుంటూరులో మేం కొంతమందిమి నడిపే చిన్న పత్రికకి మిక్లోష్ బాన్ఫి మీద రెండు పేజీలు రాస్తున్నానండి. హంగేరియన్ నవలాకారుడు, 1921-22లో ఆ దేశ విదేశాంగ మంత్రి కూడా. పుట్టింది 1873లో కొలోజ్‌వార్‌లో, ఇప్పుడది రొమేనియాలోని క్లుజ్. మొదటి పేరాలోనే ఆగిపోయా. రొమేనియాలో పుట్టాడు అంటే అప్పుడది హంగేరీ రాజ్యం, హంగేరీ అని వదిలేస్తే ఇప్పటి మ్యాప్‌లో ఊరు దొరకదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన హంగేరీ సరిహద్దులు తేల్చిన 1920 ట్రియానాన్ ఒప్పందం గురించి ఒకరేమో ఆ ఊరున్న ట్రాన్సిల్వేనియా ప్రాంతాన్ని లాక్కున్నారంటారు, ఇంకొకరు విముక్తి అంటారు. నేనేం రాయాలి?

బెజవాడ_పుస్తకాలు:
ఏ ఏడాది సంగతి చెప్తుంటే ఆ ఏడాది ఎవరి పాలనో రాసేయండి, ఇప్పటి పేరు పక్కనే పెట్టండి, సరిపోద్ది. బళ్లారి రాఘవ గారు 1946లో పోయారు, అప్పటికి బళ్లారి మద్రాసు కిందే ఉంది, మైసూరులో కలిసింది 1953లో, ఆయన కర్ణాటకలో లాయరుగా ప్రాక్టీస్ చేశారని రాస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఇదీ అంతే. లాక్కున్నారు, విముక్తి రెండూ వద్దు, ఒప్పందంతో రొమేనియాకి వెళ్లిందనండి.

అరండల్‌పేట_లక్ష్మి:
రావడం పోవడం మాత్రమే చెప్తే గొడవ ఎందుకో పాఠకుడికి తెలీదండీ. అక్కడ ఎక్కువమంది రొమేనియన్లే, 1918 డిసెంబర్ 1న ఆల్బా యూలియా అనే ఊళ్లో సభ పెట్టి రొమేనియాలో కలుస్తామన్నారు, హంగేరియన్లకేమో లక్షలమంది తమవాళ్లు సరిహద్దు అవతల ఉండిపోయారన్న బాధ. ఎవరి మాట వాళ్ల పేరు మీదే రాయండి. 1940లో హిట్లర్, ఇటలీ కలిసి ఉత్తర భాగాన్ని మళ్లీ హంగేరీకి ఇప్పించిన సంగతి అస్సలు వదలొద్దు, కొలోజ్‌వార్ కూడా అందులోదే.

అసలు బాన్ఫి జీవితమే మీకు సాయం చేస్తుంది. మంత్రిగా చేసినాయన 1926లో సొంత గడ్డకి వెళ్లి రొమేనియా పౌరసత్వం తీసుకున్నాడు, 1934-40 మధ్య రాసిన మూడు నవలల్లో మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్నా పట్టించుకోని హంగేరియన్ దొరల్నే, అంటే తన వర్గాన్నే నిలదీశాడు. 1943లో హంగేరీ జర్మనీతో పొత్తు నుంచి బయటపడే దారి కోసం బుఖారెస్ట్ వెళ్లి రొమేనియన్లతో మాట్లాడాడు. మరుసటేడు వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం కొలోజ్‌వార్ దగ్గరి బొంట్సిదాలో బాన్ఫి వాళ్ల కోటని దోచుకుని తగలబెట్టింది. ఇవన్నీ వరసగా చెప్తే చాలు, మీరు ఎవరి వైపూ వకాల్తా తీసుకోనక్కర్లేదు.

కృష్ణలంక_కిరణ్:
గొప్ప దేశభక్తుడు లాంటివి కూడా తీసేయండి, ఏ దేశానికి అనే ప్రశ్న వెంటనే వస్తుంది. దాని బదులు ఆయన మంత్రిగా ఉన్నప్పుడే 1921 డిసెంబర్‌లో సోప్రోన్‌లో ఓటింగ్ జరిగి ఆ ఊరు ఆస్ట్రియాకి పోకుండా హంగేరీలోనే ఉండిపోయిందని రాయండి, ఆ పేరాకి అంతకన్నా ఏం కావాలి.