బహిరంగ కళ మన ప్రాంతంలో ఎలా మొదలైంది?

ప్రశ్న: తిరుపతి కూడళ్లలోని విగ్రహాలను చూసినప్పుడల్లా, దారిన పోయే అందరికీ చెందిన ఈ కళ మన దగ్గర ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనిపిస్తుంది. పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు: ఆలయమే దానికి తొలి చోటండి. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం ఊరంతటికీ కనిపించేది. అది 2010లో కూలినప్పుడు ఇంటి పెద్ద పోయినంత బాధ కలిగింది.

జవాబు: తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన రాయల విగ్రహాలను గమనించండి. పాలకుడు ఎత్తైన పీఠం ఎక్కకుండా, భక్తులు నడిచే దారి పక్కనే వాళ్లలో ఒకడిగా నిలబడటం నేటి కూడలి విగ్రహాలకు పూర్తిగా భిన్నమైన ఆలోచన, నా దృష్టిలో గొప్పది కూడా.

జవాబు: కాళహస్తి కలంకారీని మరవకూడదండి. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, బెల్లంలో ఇనుము ఊరబెట్టిన కసిమి అనే రంగుతో బట్టపై నల్లగీతలు గీసి, రామాయణ కథను గుడిలో వేలాడదీస్తే అక్షరం రానివారు సైతం చదువుకున్నారు.