ఇంగ్లీష్ లిటరేచర్ వాళ్లకు స్కాలర్‌షిప్‌లు: తెలిసినవారు చెప్పగలరా?

నేను బీఏ ఇంగ్లీష్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఎంఏకి స్కాలర్‌షిప్ వెతుకుతుంటే ఎక్కడ చూసినా సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లవే కనిపిస్తున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇచ్చే రోడ్స్, కేంబ్రిడ్జ్‌లో చదవడానికి ఇచ్చే గేట్స్ కేంబ్రిడ్జ్ లాంటి స్కాలర్‌షిప్‌లకు ఏ సబ్జెక్టు వాళ్లయినా అప్లై చేయొచ్చు, నిజమే. కానీ ఆ పోటీ తలుచుకుంటేనే టెన్షన్. 1924లో మొదలైన సిగ్మా టౌ డెల్టా అనే ఇంగ్లీష్ విద్యార్థుల సంఘం తన సభ్యులకు స్కాలర్‌షిప్‌లు, రచనలకు బహుమతులు ఇస్తుంది. అయితే చదివే కాలేజీలో దాని శాఖ ఉండాలి. మా దగ్గర లేదు.

అసలు సందేహం రైటింగ్ శాంపిల్ గురించి, అంటే దరఖాస్తుతో పాటు నమూనాగా పంపే మన సొంత వ్యాసం గురించి. నవలల్లో నమ్మదగని కథకుడి (చెప్పే మాటల్ని పాఠకుడు పూర్తిగా నమ్మలేని కథకుడు) మీద రాసిన పెద్ద టర్మ్ పేపర్ ఒకటి ఉంది. దాన్ని కుదిస్తే వాదన నిలుస్తోంది గానీ, ఒక్కో వాక్యాన్ని పట్టుకుని చేసిన విశ్లేషణంతా ఎగిరిపోతోంది. నాకు నచ్చిందే అది! మొత్తం కుదించాలా, లేక ఒక్క భాగాన్నే తీసుకుని ముందు నాలుగు లైన్ల పరిచయం పెట్టాలా? ఎంపిక కమిటీల్లో పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఇంకోటి, డిపార్ట్‌మెంట్ ఇచ్చే వ్యాస, కవితా బహుమతులు చిన్న మొత్తమే అయినా తర్వాతి దరఖాస్తుల్లో పనికొస్తాయా? రికమెండేషన్ లెటర్ కోసం సార్‌ని ఎంత ముందుగా అడగాలి?